కౌటిల్యుని అక్షపటలం – గణకశాస్త్ర పత్రికలకు వ్యాసరచన, సమర్పణ విధానం

కౌటిల్యుని అర్థశాస్త్రంలో అధ్యక్షప్రచారమనే ద్వితీయాధికరణం సంస్కృత విద్యార్థులకు సుపరిచితమైనది. అందులో ఆరవ అధ్యాయం మొదలు తొమ్మిదవ అధ్యాయం వరకు ఉన్న భాగం ఆయవ్యయాల గణనకు, లెక్కల తనిఖీకి, అధికారుల అపహరణాలను కనిపెట్టడానికి సంబంధించినది. ప్రాచ్యకళాశాలలలో ఈ భాగాన్ని రాజనీతిగా బోధించడం పరిపాటి. దీనినే గణకశాస్త్ర పండితులు తమ శాస్త్రచరిత్రకు మూలసాక్ష్యంగా స్వీకరిస్తున్నారు. అంజన్ భట్టాచార్య 1988లో కలకత్తా నుండి దీనిపై ఒక గ్రంథం ప్రకటించినాడు. దానిని సమీక్షిస్తూ, విస్తరిస్తూ రిచర్డ్ మాటెసిచ్ 1998లో ‘అకౌంటింగ్, బిజినెస్ అండ్ ఫైనాన్షియల్ హిస్టరీ’ పత్రికలో వ్యాసం వ్రాసినాడు. బల్బీర్ సిహాగ్ 2004లో ‘ది అకౌంటింగ్ హిస్టోరియన్స్ జర్నల్’లో కౌటిల్యుని గణనపద్ధతిని, అధికారుల నీతిని చర్చించినాడు. ఈ చర్చ ప్రధానంగా ఆంగ్లానువాదాల మీదనే నడుస్తున్నది. మూలాన్ని సూత్రస్థాయిలో చదువగలిగిన సంస్కృతాధ్యాపకులు ఇందులో కానరాకపోవడం లోటే. వారి దూరానికి కారణం విషయదారిద్ర్యం కాదు. ఆ పత్రికలకు వ్యాసాన్ని సిద్ధపరచి పంపే పద్ధతి అపరిచితం కావడమే.

ముందుగా నిర్ణయించుకోవలసినది పత్రిక. గణకశాస్త్ర పత్రికలన్నీ ఒక తీరువి కావు. 1926లో ప్రారంభమైన ‘ది అకౌంటింగ్ రివ్యూ’ వంటి వాటిలో నేడు అధికభాగం గణాంకాల మీద, కంపెనీల ఆర్థిక వివరాల మీద ఆధారపడిన పరిశోధనలు వస్తాయి. గ్రంథపరిశీలనాత్మకమైన వ్యాసానికి అవి తగిన వేదికలు కావు. గణకశాస్త్ర చరిత్రకే ప్రత్యేకించినవి వేరుగా ఉన్నాయి. పైన పేర్కొన్న ‘అకౌంటింగ్ హిస్టోరియన్స్ జర్నల్’ ఒకటి. మాటెసిచ్ వ్యాసం వచ్చిన పత్రిక 2011 నుండి ‘అకౌంటింగ్ హిస్టరీ రివ్యూ’ అనే పేరుతో వెలువడుతున్నది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ విద్వత్పరిషత్తుకు సంబంధించిన ‘అకౌంటింగ్ హిస్టరీ’ మూడవది. పంపదలచిన పత్రిక గత సంచికలను చదువకుండా వ్యాసం వ్రాయడం శ్రోతను ఎరుగని ఉపన్యాసం వంటిది. అందులో వచ్చిన సంబద్ధవ్యాసాలను ప్రస్తావించకపోతే, సంపాదకుడు దానిని పరిశీలకులకు పంపకుండానే త్రిప్పిపంపే అవకాశం ఎక్కువ.

తరువాతిది ప్రతిపాదన. ఇక్కడ ఒక పూర్వోదాహరణ గమనింపదగినది. బి.ఎం. లాల్ నిగమ్ 1986లో ‘అబాకస్’ పత్రికలో బహీఖాతా పద్ధతిని గూర్చి వ్రాస్తూ, పాచియోలీకి పూర్వమే భారతదేశంలో జంటపద్దు విధానం ఉన్నదని ప్రతిపాదించినాడు. పాచియోలీ గ్రంథం వెనిస్‌లో అచ్చయినది 1494లో. మరుసటి ఏడే క్రిస్టోఫర్ నోబ్స్ అదే పత్రికలో దానికి ప్రతివాదం ప్రకటించినాడు. అంత ప్రాచీనతకు తగిన లిఖితసాక్ష్యం చూపలేదన్నదే అతని ఆక్షేపణలోని సారం. బహీఖాతా ఎంత ప్రాచీనమో నిర్ణయించడం వేరు. ఆ పరంపర ప్రాచీనమని విశ్వసించడం వేరు. విశ్వాసం ఎంత గాఢమైనదైనా పద్దులు వ్రాసిన పుస్తకం స్థానాన్ని ఆక్రమింపజాలదు. అర్థశాస్త్రంలో జంటపద్దు ఉన్నదని నిరూపించాలనే ఉత్సాహంతో బయలుదేరిన వ్యాసానికీ ఇదే గతి పట్టవచ్చు. ఆ గ్రంథంలో ఉన్నదానిని ఉన్నంతలో చూపితే చాలు. అది తక్కువది కాదు.

ఉదాహరణకు కర్మసంవత్సరం. కౌటిల్యుడు మూడువందల ఏబదినాలుగు అహోరాత్రాలను ఒక కర్మసంవత్సరంగా లెక్కించి, దానిని ఆషాఢపూర్ణిమతో ముగించి, అప్పటికి లెక్కలు అక్షపటలానికి చేరవలెనని విధించినాడు. లెక్కలకు నియతకాలపరిమితి ఉండవలెననే భావన ఇక్కడ స్పష్టం. ఎనిమిదవ అధ్యాయంలోని నలువది హరణోపాయాలలో మొదటివి మరింత ఆసక్తికరమైనవి. ముందు వసూలైన దానిని వెనుక వ్రాయడం, వెనుక వసూలైన దానిని ముందు వ్రాయడం అందులో ఉన్నాయి. ఏటి చివర పద్దులు సరియైన సంవత్సరంలోనే పడినవా అని నేటి ఆడిటర్లు తప్పక పరీక్షిస్తారు. రెండింటికీ గల సామ్యాన్ని, భేదాన్ని కూడ విడదీసి చూపగలిగితే ఆ వ్యాసానికి విలువ ఉంటుంది.

సంస్కృతజ్ఞుడు అధికంగా చేయదగినది పారిభాషికపదాల విచారణ. ఆరవ అధ్యాయంలో ఆయం వర్తమానం, పర్యుషితం, అన్యజాతం అని మూడు విధాలు. వ్యయం నిత్యం, నిత్యోత్పాదికం, లాభం, లాభోత్పాదికం అని నాలుగు విధాలు. ఇందులో ‘లాభం’ వ్యయభేదాలలో ఒకటిగా రావడం గమనింపదగినది. పక్షానికో, మాసానికో, సంవత్సరానికో కలిగే ప్రాప్తితో దానికి సంబంధం. ఆ మాటను చూడగానే నేటి లాభనష్టాల ఖాతాలోని లాభంగా అర్థం చేసుకొని సిద్ధాంతం కట్టడం ప్రమాదకరం. ‘నీవి’ అనేది ఆయవ్యయాలను సరిచూడగా మిగిలినది; చేతికి వచ్చినది, తరువాతి కాలానికి సంక్రమించినది అని అది రెండు విధాలు. దీనిని కేవలం ‘నిల్వ’ అని అనువదిస్తే ఈ రెండవ భాగం కనుమరుగవుతుంది. ఒక్కొక్క పదానికి శామశాస్త్రి, కాంగ్లే, ఆలివెల్ ఇచ్చిన అనువాదాలను ప్రక్కప్రక్కన ఉంచి, వ్యాఖ్యానాల సహాయంతో ఒకదానిని సమర్థించడమే ఒక సంపూర్ణవ్యాసానికి చాలిన విషయం.

మూలాన్ని ఉదాహరించేటప్పుడు ఏ ముద్రణ అన్నది తెలుపవలె. మైసూరు ప్రాచ్యగ్రంథాలయానికి చేరిన తాళపత్రప్రతి ఆధారంగా ఆర్. శామశాస్త్రి 1909లో మూలాన్ని, 1915లో ఆంగ్లానువాదాన్ని వెలువరించినాడు. ఆర్.పి. కాంగ్లే 1960లో ప్రకటించిన పరిష్కృతముద్రణలో సూత్రసంఖ్యలు ఉన్నందున, అధికరణ, అధ్యాయ, సూత్ర క్రమంలో దానినే సూచించడం సౌకర్యం. పుల్లెల శ్రీరామచంద్రుని తెలుగు అనువాదం అర్థనిర్ణయానికి తోడ్పడుతుంది గాని పరిశీలకుడు తెలుగు ఎరిగి ఉండడు. కాలనిర్ణయంలో మరింత జాగరూకత అవసరం. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దమని విచారణ లేకుండా వ్రాస్తే పరిశీలకుడు వెంటనే ప్రశ్నిస్తాడు. గ్రంథం ఏకకర్తృకం కాదని ట్రాట్‌మన్ 1971లో వాదించినాడు. ఆలివెల్ 2013 నాటి అనువాదంలో రచనను క్రీస్తుశకారంభశతాబ్దాలకు తెచ్చినాడు. ఈ మతాలను అంగీకరించనక్కరలేదు. పేర్కొని, తన పక్షాన్ని చెప్పవలె.

వ్యాసానికి ముందుండే సంగ్రహం సాధారణంగా 150 పదాల ప్రాంతంలో ఉండవలె. శాస్త్రగ్రంథారంభంలో అనుబంధచతుష్టయం చెప్పే అలవాటున్న వారికి ఇది కష్టం కాదు. విషయమేమి, ప్రయోజనమేమి, పూర్వగ్రంథాలతో సంబంధమేమి, ఎవరికి ఉపకరిస్తుంది అన్నవే ఇక్కడ కూడ అడిగేవి. ఫలితాన్ని మాత్రం చివరి వరకు దాచరాదు. దాని క్రింద కొన్ని కీలకపదాలు ఇవ్వవలె.

ఈ పత్రికలు వ్యాసకర్త ఎవరో పరిశీలకునికి, పరిశీలకుడెవరో వ్యాసకర్తకు తెలియకుండ పరీక్ష జరుపుతాయి. కనుక పేరు, కళాశాల, కృతజ్ఞతలు వేరు పుటలో ఉండవలె. “మా పూర్వవ్యాసంలో నిరూపించినట్లు” వంటి వాక్యం ఒక్కటి చాలు రహస్యం బయటపడడానికి. తన రచననైనా ఇతరుల రచనను వలెనే ప్రథమపురుషలో సూచించవలె. కంప్యూటరు ఫైలు లక్షణాలలో దాగి ఉండే పేరును కూడ తొలగించవలె. ఇప్పుడు సమర్పణ పత్రిక వారి ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా జరుగుతున్నది. వ్యాసం మరెక్కడా పరిశీలనలో లేదని అక్కడ ధ్రువీకరించవలసి ఉంటుంది. ఒకే వ్యాసాన్ని ఏకకాలంలో రెండు పత్రికలకు పంపడం విద్వల్లోకంలో దోషం.

ఫలితం రావడానికి నెలలు పట్టవచ్చు. తిన్నగా అంగీకరించడం అరుదు. సవరించి మరల పంపుమనడమే ఆశాజనకమైన సమాధానం. దానిని తిరస్కారంగా భావించి విరమించేవారు ఉన్నారు, అది పొరపాటు. సవరించిన ప్రతితో పాటు ప్రత్యుత్తరం కూడ పంపవలె. ప్రతి ఆక్షేపణను పూర్వపక్షంగా యథాతథంగా ఉంచి, దాని క్రింద చేసిన మార్పును, చేయనిచోట కారణాన్ని వ్రాయవలె. శాస్త్రవాదంలో ఆరితేరినవారు కూడ ఇక్కడ ఖండనోత్సాహాన్ని కొంత తగ్గించుకొనడం మంచిది.

కొన్ని ప్రసిద్ధపత్రికలు పరిశీలనకు రుసుము తీసుకొంటాయి. అందుచేత రుసుము అడగడమొక్కటే మోసానికి గుర్తు కాదు. రెండుమూడు రోజులలో అంగీకారం తెలిపి ధనం కోరే పత్రికలను మాత్రం అనుమానింపవలె. విశ్వవిద్యాలయ నిధుల సంఘం గుర్తింపు పత్రికలకై నిర్వహించిన కేర్ జాబితాను 2025లో నిలిపివేసినందువల్ల, పత్రిక యోగ్యతను నిర్ణయించే భారం ఇప్పుడు కళాశాలల మీద, పరిశోధకుల మీద పడినది.

అంగీకారానంతరం వచ్చే ప్రూఫులలో సంస్కృతపదాల రోమను లిప్యంతరీకరణనే ముందు చూడవలె. దీర్ఘచిహ్నాలు, అధోబిందువులు అచ్చులో తరచు జారిపోతాయి. ‘నీవి’లోని దీర్ఘం, ‘అక్షపటలం’లోని షకారం, టకారం, ‘గాణనిక్యం’లోని ణకారం ఒక్కొక్కటిగా మూలప్రతితో పోల్చి దిద్దవలె; ఆ పని పత్రిక సిబ్బంది చేయగలిగినది కాదు.