పస్కా పళ్లెం, నాలుగు ముఖాల బొంగరం: యూదుల మ్యూజియంలో కుటుంబానికి దొరికేవి

యూదుల చరిత్రను, సంస్కృతిని చూపించే మ్యూజియం ఏ దేశంలో ఉన్నా అందులో కిరీటాలు, ఖడ్గాలు తక్కువగానూ, ఇంటి సామాను ఎక్కువగానూ కనిపిస్తుంది: దీపపు సెమ్మెలు, పండుగ పళ్లేలు, గుమ్మానికి బిగించే చిన్న గొట్టాలు, పెళ్లి ఒప్పంద పత్రాలు, రొట్టె మీద కప్పే కుట్టుపని గుడ్డలు. దీనికి చారిత్రక కారణం ఉంది. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం జెరూసలేము దేవాలయాన్ని కూల్చివేసిన తరువాత యూదులు అనేక దేశాలకు చెదిరిపోయారు. బలిపీఠం లేకుండా పోయిన ఆ మతానికి క్రమంగా ఇంట్లోని భోజనపు బల్లే ఒక పీఠమైంది, తల్లిదండ్రులు పిల్లలకు చెప్పే కథే ఆరాధనలో ముఖ్యభాగమైంది. అందువల్ల ఇలాంటి మ్యూజియంలలో కుటుంబాల కోసం ఏర్పాటు చేసే ఆటలు, వంటలు, చేతిపనులు ప్రదర్శనకు తగిలించిన అదనపు హంగులు కావు. ఆ వస్తువుల అసలు వాడకం అదే కాబట్టి, పిల్లవాడు వాటిని ముట్టుకుని ప్రశ్న అడిగినప్పుడే వాటి అర్థం బయటపడుతుంది.

పస్కా పండుగ భోజనం ఇందుకు అన్నిటికంటే మంచి ఉదాహరణ. ఐగుప్తులో బానిసలుగా ఉన్న పూర్వీకులు విడుదల పొందిన రాత్రిని తలచుకునే ఈ భోజనంలో, మామూలు రోజులకు భిన్నంగా ఈ రాత్రి పులియని రొట్టె ఎందుకు తింటున్నామో, చేదు ఆకులు ఎందుకు నములుతున్నామో ఇంట్లో అందరికంటే చిన్నవాడు అడగాలి. అడిగాకే పెద్దలు కథ మొదలుపెట్టాలి. బల్ల మీది పళ్లెంలో ప్రతి పదార్థానికీ ఒక గుర్తు ఉంటుంది. చేదు ఆకు బానిసత్వపు చేదుకు, ఉప్పునీళ్లు కన్నీళ్లకు గుర్తులు. పండ్ల ముక్కలు, గింజపప్పులు కలిపి నూరిన తియ్యని ముద్ద మాత్రం పూర్వీకులు ఇటుకల పనిలో కలిపిన అడుసుకు గుర్తు. ఉగాది పచ్చడిలో వేపపువ్వును నాలుక మీద పెట్టుకుని కొత్త ఏడాదిని మొదలుపెట్టే తెలుగు పిల్లలకు రుచితో అర్థం చెప్పే ఈ పద్ధతి కొత్తగా తోచదు. అయితే ఇక్కడ నిలిచి చూడవలసిన విశేషం ఒకటుంది: ఒక జాతి తన పండుగ పళ్లెంలో రాజుల విజయాన్ని కాక కూలిపనిని, అడుసు తొక్కిన కాళ్లను గుర్తుపెట్టుకుంది. బొగ్గుబాయి పనితో బతికిన శ్రీరాంపూర్, గోదావరిఖని వంటి ఊళ్ల కుటుంబాలకు ఆ పళ్లెం ఎవరూ వివరించకుండానే సగం అర్థమవుతుంది.

మ్యూజియంలలో పిల్లలు ఎక్కువగా మూగే వస్తువుల్లో హనుక్కా బొంగరం ఒకటి. హనుక్కా అంటే క్రీ.పూ. రెండో శతాబ్దంలో జెరూసలేము దేవాలయాన్ని తిరిగి శుద్ధి చేసుకున్న సందర్భాన్ని తలచుకునే ఎనిమిది రోజుల దీపాల పండుగ. సాయంత్రానికొక దీపం చొప్పున పెంచుకుంటూ పోతారు. ఆ రోజుల్లో ఆడే బొంగరానికి తాడు ఉండదు, పైనున్న కాడను బొటనవేలితో, చూపుడువేలితో పట్టి తిప్పుతారు. దానికి నాలుగు పలక ముఖాలు, ఒక్కో ముఖం మీద ఒక్కో హీబ్రూ అక్షరం. ఆడేవాళ్లంతా తలా ఒక గింజపప్పు మధ్యలో వేస్తారు. బొంగరం పడిపోయినప్పుడు పైకి ‘నూన్’ వస్తే ఏమీ రాదు, ‘గీమెల్’ వస్తే పోగంతా తిప్పినవాడిదే, ‘హే’ వస్తే సగం దక్కుతుంది, ‘షీన్’ వస్తే తన దగ్గరున్న దానిలోంచి ఒకటి తిరిగి పెట్టాలి. అట్టముక్క, అగ్గిపుల్ల ఉంటే ఈ బొంగరాన్ని అరగంటలో చేయవచ్చు, ఆట ముగిసేసరికి పిల్లలకు ఒక కొత్త లిపిలో నాలుగు అక్షరాలు వచ్చేస్తాయి. ఇలాగే విశ్రాంతి దినపు రొట్టె కోసం పిండిని జడలా అల్లించడం, శనివారం చీకటి పడి నక్షత్రాలు కనిపించాక విశ్రాంతి దినానికి వీడ్కోలు చెబుతూ వాసన చూసే లవంగం, దాల్చినచెక్క డబ్బీని చేతికివ్వడం, పర్ణశాలల పండుగకు ఆకుల కప్పుతో పందిరి వేయించడం కూడా ఈ మ్యూజియంలలో మామూలే.

ప్రపంచంలో ఈ పనిని పెద్ద ఎత్తున చేస్తున్న వాటిలో బెర్లిన్ యూదు మ్యూజియం ఒకటి. అది 2021లో ‘అనోహా’ పేరుతో పిల్లల విభాగాన్ని ప్రారంభించింది. ఒకప్పటి హోల్‌సేల్ పూల మార్కెట్ భవనంలో గుండ్రటి చెక్క ఓడను నిర్మించి, వాడి పారేసిన వస్తువులతో కళాకారులు చేసిన 150కి పైగా జంతువులను అందులో ఉంచారు, నోవహు ఓడ కథను పిల్లలు ఎక్కి, దూరి, మోసి తెలుసుకుంటారు. వార్సాలోని పోలిన్ మ్యూజియంలో పిల్లల గదికి ఒక కథలోని బాలరాజు మాచుష్ పేరు పెట్టారు. ఆ కథ రాసిన యానుష్ కోర్చాక్ వైద్యుడు, అనాథ శరణాలయ నిర్వాహకుడు. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా గెట్టోలో, అంటే గోడ కట్టి మూసిన పేటలో, 1942 జులై 18న ఆయన శరణాలయం పిల్లలు రవీంద్రనాథ్ ఠాగూర్ ‘డాక్‌ఘర్’ నాటకాన్ని ప్రదర్శించారు. జబ్బుపడి కిటికీ దాటలేని ఒక పిల్లవాడు రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే నాటకం అది. కొద్ది వారాలకే, ఆగస్టులో, ఆయన్నూ పిల్లలనూ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు. తప్పించుకునే అవకాశాలు వచ్చినా పిల్లలను విడిచి ఆయన వెళ్లలేదు. దాదాపు 60 లక్షల మంది యూదులను బలిగొన్న ఆ ఘోరాన్ని పసివాళ్లకు ఎలా చెప్పాలన్నది ఈ మ్యూజియంలన్నిటికీ ఎదురయ్యే కష్టమైన ప్రశ్న. శవాల ఫొటోలతో మొదలుపెట్టకుండా, ఒక పిల్లవాడి పేరు, ఒక ఉత్తరం, ఒక నాటకం ద్వారా చెప్పడమే న్యాయమైన దారి.

తెలుగు కుటుంబానికి బెర్లిన్ దూరం, కానీ కొచ్చి దూరం కాదు. ఢిల్లీ నుంచి కేరళకు పోయే కొన్ని రైళ్లు మంచిర్యాల మీదుగా సాగే బల్లార్షా-కాజీపేట లైనులోనే నడుస్తాయి, అయ్యప్ప మాల వేసుకుని ఏటా శబరిమలకు వెళ్లే కార్మిక కుటుంబాలు బొగ్గు ప్రాంతంలో కొల్లలు. ఎర్నాకుళంలో దిగినవారు అటు పక్కనే ఉన్న మట్టంచేరి దాకా వెళితే, 1568లో కట్టిన పరదేశి సినగాగ్ కనిపిస్తుంది. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం, తెలుగు బైబిలు చదివేవారికి ‘సమాజమందిరం’గా పరిచయమైనదే. 1662లో పోర్చుగీసువారు దెబ్బతీసిన ఈ మందిరాన్ని డచ్చివారి కాలంలో బాగుచేసుకున్నారు. చెప్పులు విడిచి లోపల అడుగుపెట్టినవారి పాదాల కింద చైనా నుంచి పద్దెనిమిదో శతాబ్దంలో తెప్పించిన తెలుపు నీలం పలకలు పరిచి ఉంటాయి. చేత్తో వేసిన బొమ్మలు గనుక ఏ పలకా మరో పలకలా ఉండదని పేరు. ఒకేలా ఉన్న రెండు పలకలను వెతికి చూపమని పిల్లలను పురమాయిస్తే, వాళ్లు నేల మీద ముక్కు ఆనించి ఒక్కొక్క కొమ్మనూ పోల్చి చూస్తారు, అంతకంటే శ్రద్ధగా ఆ పలకలను చూసే మార్గం మరొకటి లేదు. బయట ఎజెకియల్ రహాబీ కట్టించిన గడియార స్తంభం మీద హీబ్రూ, రోమన్, మలయాళ అంకెలు వేర్వేరు ముఖాల మీద ఉంటాయి కాబట్టి గడియారం చదవడం కూడా ఒక ఆటే. సుమారు వెయ్యేళ్ల కిందట చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు ప్రముఖుడికి పల్లకి, గొడుగు, దీపం వంటి మర్యాదలను రాసిచ్చిన రాగిరేకులను ఈ సమాజం తరతరాలుగా కాపాడుకుంది. శనివారం విశ్రాంతి దినం గనుక ఆ రోజు మందిరంలోకి సందర్శకులను రానివ్వరు. ప్రయాణం వేసుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కుటుంబంతో వెళ్లేవారికి మట్టంచేరి కంటే కొచ్చికి ఉత్తరాన ఉన్న చేందమంగళం, పరవూర్ సినగాగ్‌లు ఎక్కువ ఉపయోగపడతాయి, ఎందుకంటే కేరళ ప్రభుత్వం చేపట్టిన ముజిరిస్ వారసత్వ ప్రాజెక్టు కింద ఆ రెండిటినీ మ్యూజియంలుగా తీర్చిదిద్దారు. చేందమంగళం మందిరం ముందు 1269 నాటి సారా అనే స్త్రీ సమాధిరాయి నిలబడి ఉంది. భారతదేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో అదే అత్యంత ప్రాచీనమైనదిగా పరిగణిస్తారు. లోపల నేల మీద ఒకటి, పైన స్త్రీలు కూర్చునే మేడకు ముందు మరొకటి, రెండు పఠన వేదికలుండటం కేరళ సినగాగ్‌ల ప్రత్యేకత. ఆ మేడ మీది స్త్రీలే మలయాళంలో యూదుల పాటలు కట్టి, నోటు పుస్తకాల్లో రాసుకుని కూతుళ్లకు అప్పగించారు. 1950లలో కేరళ యూదుల్లో చాలామంది ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. కొచ్చిలోని కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్కపనిని 1990లలో ఊడదీసి, జెరూసలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో తిరిగి అమర్చారు. కేరళ వడ్రంగులు చెక్కిన తామరపూల కప్పు కింద ఇప్పుడు అక్కడి పిల్లలు నిలబడి తలెత్తి చూస్తున్నారు.

కేరళకు ఉత్తరాన, నూనె గానుగలతో బతికిన కొంకణ తీరపు యూదులు శనివారం గానుగ ఆపేసేవారు గనుక వారిని ‘శనివారపు తెలికలు’ అని పిలిచేవారు. అటుకులు, కొబ్బరి, పంచదార, పండ్లు కలిపి ఏలియా ప్రవక్త పేరిట వారు చేసే ‘మలీదా’ నైవేద్యం ఏ తెలుగు వంటింట్లోనైనా పావుగంటలో సిద్ధమవుతుంది.

తెలుగు నేల మీద కూడా ఒక యూదు సమాజం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి వెళ్లిన కొన్ని కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతివారమని చెబుతూ, యాకోబి కుటుంబం నాయకత్వంలో 1990ల తొలినాళ్ల నుంచి సినగాగ్‌ను నడుపుకుంటూ, పిల్లలకు హీబ్రూ నేర్పుకుంటూ వచ్చాయి. బెనె ఎఫ్రాయిమ్ అని పిలిచే ఈ సమాజం మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. వంశ ప్రాచీనత గురించిన వాదనను చరిత్రకారులు తేల్చవలసిందే కానీ, అంటరానితనాన్ని భరించిన మనుషులు బానిసత్వం నుంచి విడుదలైన జాతి కథలో తమ కథను చూసుకోవడంలోని గౌరవ కాంక్షను ఎవరూ చిన్నచూపు చూడరాదు. అది మ్యూజియం కాదు, మనుషులు నివసించే వాడ. అక్కడికి వెళ్లేవారు ముందుగా అనుమతి అడిగి, అతిథులుగా వెళ్లాలి.

శ్రీరాంపూర్‌లో ఇలాంటి మ్యూజియం లేకపోయినా, వస్తువును చేతికిచ్చి ప్రశ్న అడిగించే ఆ పద్ధతిని కాలనీ బడిలోనో గ్రంథాలయంలోనో ఒక ఆదివారం ఆచరించి చూడవచ్చు. పదవీ విరమణ తరువాత బొగ్గుబాయి కార్మికుడు క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు పాత టోపీ, టిఫిన్ డబ్బా, బూట్లు తరచుగా పాత సామాను వాళ్లకు పోతాయి. కొచ్చి విడిచి వెళ్లిన యూదులు దీపాలను, పాటల పుస్తకాలను మూటగట్టుకున్నట్టు వాటిని మూటగట్టుకునేవారు తక్కువ. తట్టతో, చెమ్మస్ అనే పారతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన తరం వారు ఇంకా కొందరు ఇళ్లలోనే ఉన్నారు. పస్కా బల్ల దగ్గర మాదిరిగా, వచ్చినవారిలో అందరికంటే చిన్నవాడికి మొదటి ప్రశ్న అడిగే హక్కు ఇచ్చి, అలాంటి ఒక తట్టను ఆ తరం తాత చేతికి అందిస్తే, దాన్ని ఎలా పట్టాలో, నిండిన తట్టను నడుం నొప్పి పుట్టకుండా ఎలా లేపాలో ఆయనే లేచి నిలబడి చూపిస్తాడు.