కోటీశ్వరుల పన్నుతో ప్రభుత్వం నడుస్తుందా?

బడ్జెట్ వచ్చిన సాయంత్రం జీతగాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఒక మాట వినపడుతుంది. ‘మా టీడీఎస్ మీద పడే బదులు, ఆ కోటీశ్వరుల దగ్గర గట్టిగా వసూలు చేస్తే సర్కారు ఖర్చంతా వెళ్ళిపోదా?’ అడగడంలో న్యాయం ఉంది. లెక్కలో ఎంత ఉందో చూద్దాం.

2025-26 కేంద్ర బడ్జెట్ తీసుకుంటే మొత్తం ఖర్చు అంచనా 50.65 లక్షల కోట్ల రూపాయలు. వచ్చేవాటిలో ఆదాయపు పన్ను 14.38 లక్షల కోట్లు, జీఎస్టీ 11.78 లక్షల కోట్లు, కంపెనీల పన్ను 10.82 లక్షల కోట్లు. ఇవీ, కస్టమ్స్, ఎక్సైజు వగైరాలూ కలిపి, అందులోంచి రాష్ట్రాల వాటా పంచేశాక ఖర్చుకు చాలడం లేదు. ఆ లోటు కోసం తెచ్చే అప్పు 15.69 లక్షల కోట్లు. పాత అప్పుల మీద వడ్డీలకే 12.76 లక్షల కోట్లు పోతాయి.

ఇక కోటీశ్వరుల సంగతి. ఏడాదికి కోటి దాటిన ఆదాయం చూపిస్తూ రిటర్ను వేసేవాళ్ళు ఈ మధ్య ఏళ్ళలో రెండు లక్షల పైచిలుకు. ఏటా పెరుగుతున్నారు కాబట్టి ధారాళంగా మూడు లక్షలనుకుందాం. మొత్తం ఖర్చు జోలికి పోకుండా, ఒక్క ఏటి అప్పును మాత్రమే వాళ్ళ మీద పంచితే తలకు 5 కోట్ల 23 లక్షలు పడుతుంది. ఇప్పుడు కడుతున్నదానికి ఇది అదనం. వాళ్ళలో అత్యధికుల ఆదాయం కోటికీ ఐదు కోట్లకూ మధ్యలోనే ఉంటుంది. అంటే సంపాదించినదంతా ఊడ్చి తీసుకున్నా ఆ సంవత్సరం అప్పు తీరదు. మరుసటి సంవత్సరం కోటి ఆదాయం చూపించడానికి ఎవరూ మిగలరు.

అయితే పైవాళ్ళు ఏమీ కట్టడం లేదని దీనికి అర్థం కాదు. 2022-23 ఆదాయానికి రిటర్నులు వేసినవాళ్ళు సుమారు 7.4 కోట్ల మంది. అందులో 5.16 కోట్ల మంది కట్టవలసిన పన్ను సున్నా. మిగిలినవాళ్ళు రెండుంపావు కోట్లు కూడా లేరు. నూటనలభై కోట్ల జనాభాలో ఆ కొద్దిమంది కట్టేదే మొత్తం బడ్జెట్‌లో అతి పెద్ద పన్ను. అందులోనూ బరువు పైమెట్ల మీదే ఎక్కువ. కాబట్టి మొదటి ప్రశ్నకు సూటి జవాబు ఇది: ఎక్కువ సంపాదించేవాళ్ళ పన్ను వేణ్ణీళ్ళకు చన్నీళ్ళలా తోడవుతుంది, కానీ అదొక్కటే బిందె నింపదు.

మరి రిటర్ను సున్నా అయినవాడు పన్ను కట్టనట్టేనా? ఆ మాట అనడానికి ముందు కిరాణా కొట్టుకు వెళ్ళి రావాలి. సబ్బు బిళ్ళ మీద మొన్న మొన్నటిదాకా 18 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరులో 5కు దించారు. కూలికి వెళ్ళే మనిషి కొన్నా, కంపెనీ యజమాని కొన్నా ఆ బిళ్ళ మీద పన్ను ఒకటే.

రేటు పెంచి చూడలేదా?

చూశారు, అదీ ప్రపంచం నివ్వెరపోయేంతగా. ఇందిరా గాంధీ హయాంలో, 1970ల మొదట్లో, మన దేశంలో అత్యధిక ఆదాయపు పన్ను రేటు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. రెండు లక్షలు దాటి సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో మనిషి చేతిలో మిగిలేది రెండుంపావు. దాని మీద సంపద పన్ను వేరే ఉండేది.

ఫలితం ఊహించడానికి అర్థశాస్త్రం చదవక్కర్లేదు. నిజం చెబితే రెండుంపావు, చెప్పకపోతే వంద. చెక్కు కొంత, నోట్ల కట్టలు కొంత అనే పద్ధతి సినిమా పారితోషికాల నుంచి స్థలాల అమ్మకాల దాకా పాకింది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.ఎన్. వాంఛూ అధ్యక్షతన వేసిన కమిటీ 1971లోనే ఎగవేతకు పెద్ద కారణం ఈ రేట్లేనని తేల్చి, 75 శాతానికి దించమంది. 1974లో 77కు, 1985లో 50కి, 1997లో 30కి దించుకుంటూ వచ్చారు. రేటు దిగినా నోట్ల కట్టల అలవాటు పోలేదు. ఫ్లాటు బేరంలో ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత’ అని ఈనాటికీ మొహమాటం లేకుండా అడుగుతారు.

రేట్లు తగ్గించాక వసూళ్ళు పెరిగాయి, కాబట్టి ఇంకా తగ్గిస్తే ఇంకా పెరుగుతాయి అనే వాదం ఒకటుంది. అది నేను నమ్మను. ఆ ఏళ్ళలోనే పాన్ నంబరు వచ్చింది, టీడీఎస్ వల విస్తరించింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాయి, ఆర్థిక వ్యవస్థే పెద్దదైంది. 97 నుంచి 50కి దించడంలో తెలివి ఉంది. ఈ మధ్య చేసినట్టు 43 నుంచి 39కి దించితే ఖజానా పొంగుతుందనడానికి ఆధారం కనపడదు.

ఫ్రాన్సు అనుభవం ఇంకా చిన్నది. అప్పటి అధ్యక్షుడు ఒలాండ్ పది లక్షల యూరోలు దాటిన జీతాల మీద 75 శాతం పన్ను తెచ్చారు. చివరికది ఆ జీతాలిచ్చే కంపెనీలు కట్టేట్టు మారింది. 2013, 2014 సంవత్సరాలకు కలిపి వచ్చింది దాదాపు 42 కోట్ల యూరోలు. ఆ దేశపు లోటు వేల కోట్లలో ఉంది. 2015 నుంచి ఎత్తేశారు.

అసలు చిక్కు ఎక్కడుంది?

రేటు గురించి ఇంత రభస జరుగుతుంది గానీ, నా దృష్టిలో అసలు సంగతి ఆదాయం అని దేన్ని లెక్కగడుతున్నాం అన్నది. గచ్చిబౌలిలో ఏడాదికి 60 లక్షల జీతం తెచ్చుకునే ఉద్యోగి పన్ను, డబ్బు ఖాతాలో పడకముందే కోత పడుతుంది. ఆ మనిషి పై శ్లాబులో 30 శాతం, దాని మీద సర్‌చార్జి, సెస్సు కడతాడు. ఐదు కోట్ల పైన జీతమైతే కొత్త పన్ను విధానంలో గరిష్ఠం 39 శాతం. అదే డబ్బు ఏడాది దాటి ఉంచుకున్న లిస్టెడ్ షేర్లు అమ్మిన లాభంగా వస్తే రేటు 12.5 శాతం. సర్‌చార్జి ఆ పన్నులో 15 శాతానికి మించదు గనుక, సెస్సుతో సహా అన్నీ కలిపినా లాభంలో 15 శాతానికి కాస్త లోపే.

షేర్లు అమ్మకపోతే? అప్పుడు అదీ లేదు. పెద్ద వ్యాపారి సంపద షేరు ధరలో ఉంటుంది. ఏడాదిలో వేల కోట్లు పెరిగినా, అమ్మేదాకా చట్టం దృష్టిలో అది ఆదాయం కాదు. అవసరమైతే షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు, అప్పు మీద ఆదాయపు పన్ను ఉండదు. ముకేశ్ అంబానీ రిలయన్స్ నుంచి తీసుకునే జీతాన్ని చాలా ఏళ్ళపాటు 15 కోట్ల దగ్గరే ఆపుకున్నారు, కొవిడ్ వచ్చిన ఏడాది అదీ వదులుకున్నారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అంతటి సంపన్నుడి విషయంలో జీతం మీద పన్ను రేటు ఎంతైనా ఒకటే అని గ్రహిస్తే చాలు. డివిడెండు మీద మాత్రం 2020 నుంచి అందుకున్నవాళ్ళే తమ శ్లాబు ప్రకారం కడుతున్నారు.

2019లో మూడు నెలల్లో జరిగిన తంతు చూస్తే ఈ చిక్కంతా కళ్ళకు కడుతుంది. జులై బడ్జెట్‌లో ఐదు కోట్లు దాటిన ఆదాయం మీద సర్‌చార్జిని 37 శాతం చేశారు. గరిష్ఠ రేటు 42.74కు చేరింది. ‘సూపర్ రిచ్’ పన్ను అంటూ పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. విదేశీ మదుపరులు అలిగారు, స్టాక్ మార్కెట్ పడింది. ఆగస్టులో షేర్ల లాభాలకు ఆ పెంపు వర్తించదని వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబరులో కంపెనీల పన్నును 22 శాతానికి దించారు. దానివల్ల ఏడాదికి వదులుకునే రాబడి 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే చెప్పింది. మనుషుల మీద పెంచి, ఆ మనుషులవే అయిన కంపెనీల మీద తగ్గించారన్నమాట. 2023లో ఆ 37 కూడా కొత్త విధానంలో 25 అయింది.

సంపద మీదే నేరుగా వేయొచ్చు కదా అంటారు. 1957 నుంచి వేశాం. 2013-14లో దాని మొత్తం వసూలు 1,008 కోట్లు. బంగారం, కార్లు, ఖాళీ స్థలాలు లెక్కలోకి వచ్చేవి గానీ షేర్లు అప్పటికి వచ్చేవి కావు, మరి సంపద ఉన్నదే అక్కడ. 2015లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ దాన్ని రద్దు చేసి, కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం అదనపు సర్‌చార్జి వేశారు. దాంతో 9,000 కోట్లు వస్తాయని లెక్క చెప్పారు. సంపద పన్ను అనే ఆలోచన పనికిరానిదని దీన్నిబట్టి తేల్చేవాళ్ళున్నారు. చిల్లులున్న చట్టం పనికిరాలేదనే నేనంటాను.

మరి బోలెడు ఖర్చుపెట్టే దేశాలకు డబ్బెలా?

స్వీడన్, డెన్మార్క్ పేర్లు చెప్పగానే ధనికుల దగ్గర పిండుతారనుకుంటాం. రెండు చోట్లా చాలా సరుకుల మీద వ్యాట్ 25 శాతం, అందరికీ. స్వీడన్‌లో వారసత్వ పన్ను 2004లో, సంపద పన్ను 2007లో పోయాయి. అక్కడ బడి, ఆస్పత్రి, పింఛను అందరికీ వస్తాయి, డబ్బూ అందరి దగ్గరా తీసుకుంటారు.

అమెరికాకు రెండో ప్రపంచ యుద్ధం ఈ పాఠం నేర్పింది. పై రేటును 94 శాతం దాకా పెంచారు, అయినా యుద్ధం ఖర్చుకు చాలలేదు. పన్ను పరిధిని కిందికి దించి, 1943 నుంచి జీతంలోనే కోత మొదలుపెట్టారు. 1940లో డెబ్బయి లక్షల పైచిలుకున్న పన్ను చెల్లింపుదారులు 1945కు నాలుగు కోట్లు దాటారు. అలవాటు లేని జనానికి నచ్చజెప్పడానికి అక్కడి ఖజానా శాఖ డిస్నీ చేత డొనాల్డ్ డక్ కార్టూన్ సినిమా తీయించింది.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో వచ్చేదెంత?

ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఇదే. 2021-26 కాలానికి కేంద్రం పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పంచాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. ఆ కాలానికి అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం. కానీ సర్‌చార్జి, సెస్సు ఆ పంపకంలోకి రావు. సంపన్నుల మీద ప్రత్యేకంగా వేసే బరువంతా సర్‌చార్జి రూపంలోనే ఉంది. కాబట్టి హైదరాబాద్‌లో ఒకాయన కట్టే ఆ అదనపు సొమ్ములో ఏ రాష్ట్రానికీ పైసా వాటా లేదు.

పింఛన్లు, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంటు, ఆడవాళ్ళకు ఉచిత బస్సు ఇవన్నీ నడపాల్సింది మాత్రం రాష్ట్రాలు. జీతం మీద ఆదాయపు పన్ను వేసే అధికారం వాటికి లేదు. వ్యవసాయ ఆదాయం మీద ఉంది గానీ, ఆ మాట ఎత్తే పార్టీ రెండు చోట్లా కనపడదు. సొంతంగా దండిగా వచ్చేవి జీఎస్టీలో వాటా, మద్యం, పెట్రోలు, డీజిల్ మీద వ్యాట్, రిజిస్ట్రేషన్లు. మద్యం, డీజిల్ పన్ను కట్టేవాళ్ళు ఎవరో చెప్పక్కర్లేదు. పేదవాడి పథకానికి డబ్బు చాలామటుకు పేదవాడి జేబులోంచే తిరిగొస్తోంది.

సాగు ఆదాయం పక్కన పెడితే, సంపాదన చూసి రాష్ట్రాలు వేయగలిగింది ఒక్క వృత్తి పన్ను. నెలకు 20 వేలు దాటితే రెండు రాష్ట్రాల్లోనూ జీతగాడికి 200 రూపాయలు. పాతిక వేల జీతమైనా పాతిక లక్షల జీతమైనా అంతే, ఏడాదికి 2,400. రాష్ట్రాలు పెంచుదామన్నా కుదరదు. ఏడాదికి 2,500 మించకూడదని రాజ్యాంగంలోని 276వ అధికరణమే గీత గీసింది, ఆ అంకె 1988లో పెట్టింది. దాన్ని 18,000 చేయమని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. అందుకు పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించాలి.