పొడి అక్షరాలంటే భయమెందుకు?

‘‘అమ్మా, టీబీహెచ్ ఆ చుడీదార్ నాకు నచ్చలేదు. ఎన్‌జీఎల్, రంగు మరీ ఓల్డ్. జేకే జేకే! టీటీవైఎల్’’... హాస్టల్లో ఉన్న పిల్ల దగ్గర్నుంచి ఇలాంటి మెసేజి వస్తే ఏ తల్లికైనా ముందు కళ్లజోడు తుడుచుకోవాలనిపిస్తుంది. చుడీదార్ నచ్చిందో లేదో తేలదు. పిల్ల కోపంగా ఉందో, నవ్వుతోందో అంతకంటే తేలదు. డిగ్రీలు చదివి, ఇంగ్లీషు పేపర్ గట్టెక్కిన మనకే ఇలా ఉంటే ఇక అమ్మమ్మల సంగతి చెప్పాలా?

నిజానికి అందులో బ్రహ్మవిద్యేమీ లేదండీ. టీబీహెచ్ అంటే ‘టు బి ఆనెస్ట్’, అంటే నిజం చెప్పాలంటే. ఎన్‌జీఎల్ అంటే ‘నాట్ గోనా లై’, అబద్ధమెందుకూ అని. జేకే అంటే ‘జస్ట్ కిడింగ్’, ఊరికే అన్నాలే. టీటీవైఎల్ అంటే ‘టాక్ టు యూ లేటర్’, తర్వాత మాట్లాడతా. అంతే! మన ఇళ్లల్లో రోజూ అనుకునే మాటలే పొట్టి లాగులేసుకుని వచ్చాయి.

మనకేం కొత్త కాదు

‘ఇదేం భాషమ్మా, అక్షరాలు మింగేయడం’ అని విసుక్కునే ముందు ఒక్కసారి బీరువాలోని పెళ్లి శుభలేఖ తీసి చూడండి. ‘చి.ల.సౌ.’ అని ఉంటుంది. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని మనకి ఎవరూ పాఠం చెప్పలేదు, వినీ వినీ వచ్చేసింది. పద్యాల పుస్తకం తిరగేస్తే పద్యం పద్యానికీ ముందు కం., ఆ.వె., తే.గీ. కనిపిస్తాయి. కందం, ఆటవెలది, తేటగీతి అని పూర్తిగా రాసే ఓపిక అచ్చువేసేవాళ్లకీ లేదు మరి. చాగంటి సోమయాజులుగారు చాసో అయ్యారు. కొడవటిగంటి కుటుంబరావుగారు కొకు అయ్యారు. అభ్యుదయ రచయితల సంఘం అరసం అయింది.

అంతెందుకు, మా రావులపాలెం అరటి మార్కెట్లో ఓ పావుగంట నిలబడండి. కర్పూరం, చక్రకేళి, బొంత... ఇలా గెల చూసి రైతులూ వ్యాపారులూ అనుకునే మాటలు బయటూరివాళ్లకి సగం సగమే అర్థమవుతాయి. ఏ గుంపు మాట ఆ గుంపుది. పిల్లలదీ అలాంటి గుంపే! కాకపోతే మా ఊళ్లో డీఎం అంటే ఇప్పటికీ ఆర్టీసీ డిపో మేనేజరే గుర్తొస్తారు. పిల్లలకేమో అది ‘డైరెక్ట్ మెసేజ్’, పదిమందిలో కాకుండా విడిగా పంపే మెసేజి.

ఎందుకిలా కుదించారు?

డబ్బు ఆదా కోసమేనండీ! టెలిగ్రాముకి మాటల లెక్కన డబ్బులు కట్టేవాళ్లు. అందుకే ఎంత పెద్ద కబురైనా నాలుగు ముక్కల్లో తేల్చేసేవాళ్లు. మన దేశంలో ఆ టెలిగ్రాము 2013 జులైలో ఆగిపోయింది.

ఈలోగా ఎస్సెమ్మెస్ వచ్చింది. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు పంపిన క్రిస్మస్ శుభాకాంక్షలే మొదటి ఎస్సెమ్మెస్. ఒక మెసేజిలో 160 ఇంగ్లీషు అక్షరాలే పట్టేవి. తెలుగు లిపిలో రాస్తే 70కే నిండిపోయేది, అందులోనూ గుడులూ కొమ్ములూ విడివిడిగా లెక్క! అందుకే మనవాళ్లు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మరిగారు. మేం డిగ్రీ చదివిన రోజుల్లో బటన్ల ఫోనులో ‘ఎస్’ అనే ఒక్క అక్షరానికి ఏడో అంకెను నాలుగుసార్లు నొక్కాలి. పండగ రోజున ఎస్సెమ్మెస్ ప్యాకులు పనిచేసేవి కావు, ఒక్కోదానికి విడిగా డబ్బులు పోయేవి. ఇక పొడి అక్షరాలు పుట్టక ఏం చేస్తాయి?

కొన్ని మాటలైతే ఫోనుకంటే ముసలివి. ఓఎంజీ, అదే ‘ఓ మై గాడ్’, 1917లోనే ఒక బ్రిటిష్ నౌకాదళాధిపతి చర్చిల్‌కి రాసిన ఉత్తరంలో ఉంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి మాత్రం 2011లో ఎక్కింది. మనం రోజుకి వందసార్లు అనే ‘ఓకే’ 1839లో అమెరికాలోని బోస్టన్ పత్రిక ఒకటి సరదాకి వేసిన పొడి అక్షరాలు. ‘ఆల్ కరెక్ట్’ అనే మాటని కావాలని తప్పుల స్పెల్లింగుతో రాసి, మొదటి అక్షరాలు తీసుకున్నారు. కాబట్టి ఇంగ్లీషు కూడా ఆకాశంలోంచి ఊడిపడలేదు, కుర్రకారు వేళాకోళంలోంచి పుట్టిన మాటలు అందులోనూ బోలెడు!

ఇప్పటి మాటలూ అంతే. ‘నో క్యాప్’ అంటే ఒట్టు, నిజం. ‘గోట్’ అంటే మేక కాదు, అందరిలోకీ మేటి. ‘ఫోమో’ అంటే మనం లేకుండా అందరూ ఆనందపడిపోతున్నారేమోనన్న దిగులు. ‘రిజ్’ అంటే ఎదుటివాళ్లని ఇట్టే ఆకట్టుకునే కళ, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023లో ఆ ఏటి మేటి మాటగా ఎంచారు. 2024లో ఆ గౌరవం ‘బ్రెయిన్ రాట్’కి దక్కింది. పనికిరాని వీడియోలు చూసీ చూసీ బుర్ర కుళ్లిపోవడమన్నమాట. ఈ మాట పిల్లలకంటే ముందు మనం, సీరియల్ తర్వాత సీరియల్ చూసేవాళ్లం నేర్చుకోవాలేమో!

బొమ్మలకీ అర్థాలు మారాయి. తాతగారి సరదా ఫొటో కింద మనవడు పుర్రె బొమ్మ పెడితే అపశకునమని బెంబేలు పడకండి. ‘నవ్వలేక చచ్చాను’ అని మనం అంటామే, అదే ఆ పుర్రె.

నవ్వులాట కానిది

ఇంతవరకూ సరదాయే. కానీ ఈ భాష తల్లులకి తెలిసి ఉండాల్సిన అసలు కారణం వేరే ఉంది. మా వీధిలో ఒక వదినగారు ఉన్నారు. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. వాళ్లబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఛార్జింగులో ఉన్న ఫోనులో అతను స్నేహితుడికి పెట్టిన మెసేజి ఆవిడ కంటబడింది. ‘ఫిజిక్స్ పేపర్ చూశావా, కేఎంఎస్’ అని. అర్థం కాక నన్నడిగారు. కేఎంఎస్ అంటే ‘కిల్ మైసెల్ఫ్’, నేను చచ్చిపోతాను అని. చెప్పేసరికి ఆవిడ మొహం పాలిపోయింది.

పిల్లలు ఈ మాటని చాలాసార్లు ఊరికే అంటారు, మనం ‘చచ్చాన్రా బాబూ’ అన్నట్టు. అలాగని వదిలేయడానికీ లేదు. ఫోను లాక్కోవద్దనీ, తిట్టొద్దనీ, కుర్రాడు ఒక్కడూ ఉన్నప్పుడు నెమ్మదిగా అడగమనీ అన్నాను. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆవిడ సూటిగానే అడిగారట, ‘నాన్నా, నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని. ‘అందరూ అలాగే అంటారమ్మా’ అని నవ్వేశాడట ముందు. ఆవిడ లేచి వెళ్లిపోకుండా పక్కనే కూర్చున్నారు. కాసేపటికి అసలు సంగతి బయటికొచ్చింది. రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదు, పాఠాలు వెనకబడ్డాయి, నాన్నకి చెప్పడానికి భయం. మర్నాడే తండ్రీ కొడుకూ వెళ్లి లెక్చరర్‌ని కలిశారు, ఆపైన డాక్టరునీ కలిశారు. కుర్రాడిప్పుడు కుదుటపడ్డాడు.

‘ఆ మాట మన నోటితో అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో’ అని చాలామంది తల్లులు భయపడతారు. అలా కాదనీ, అడగడమే మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. 14416 నంబరుకి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవ పగలూ రాత్రీ ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. ఇంకో మాట... కేవైఎస్ అని మీ పిల్లకో పిల్లాడికో ఎవరైనా పంపిస్తుంటే అది ‘నువ్వు చావు’ అనడం. దాన్ని వేళాకోళం కింద జమకట్టకండి. స్కూల్లో, కాలేజీలో చెప్పాల్సిందే.

ఎలా నేర్చుకోవాలి?

నేను కథలు రాసుకునేదాన్ని కాబట్టి నాకిది రెండువిధాలా అవసరమైంది. నా కథలో పదహారేళ్ల పిల్ల ‘అటులనే అమ్మా’ అంటే ఎవరు నమ్ముతారు చెప్పండి! ఓ నోటుపుస్తకంలో మూడు గళ్లు గీశాను: మాట, అర్థం, ఎక్కడ వాడకూడదు. మూడో గడే ముఖ్యం.

అర్థం తెలియకపోతే ఊహించకుండా పిల్లల్నే అడగండి. అమ్మకి పాఠం చెప్పడమంటే వాళ్లకి ఎంత హుషారో! ఎల్ఓఎల్ అంటే పకపకా నవ్వడం. బ్రిటన్ ప్రధానిగా చేసిన డేవిడ్ కామెరాన్ అది ‘బోలెడంత ప్రేమ’ అనుకుని మెసేజిల చివర పెట్టేవారట. ఆ సంగతి 2012లో అక్కడి విచారణ సంఘం ముందు బయటపడింది. ఎవరో పోయారన్న కబురు కింద మనమూ అలా పెడితే ఇంకేమైనా ఉందా?

డబ్ల్యూటీఎఫ్ జోలికి పోకండి, అందులో నోట అనకూడని బూతుంది. బ్యాంకుకీ, స్కూలుకీ రాసే ఉత్తరాల్లో పొడి అక్షరాలు పనికిరావు. పిల్లల ఫోనులు దొంగచాటుగా చదివి నేర్చుకోవద్దు, ఆ నమ్మకం పోతే వాళ్లు మనకి అర్థంకాని ఇంకో భాష కనిపెడతారు.

డబ్బుకి సంబంధించిన పొడి అక్షరాలు మాత్రం ఇంటిల్లిపాదికీ కంఠతా రావాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు. కేవైసీ ఆగిపోయిందని ఫోనొస్తే పెట్టేసి, స్వయంగా బ్యాంకుకే వెళ్లండి. పెళ్లి శుభలేఖ అంటూ వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, ఫోనులో చొరబడే యాప్. ముట్టుకోకండి. ఒకవేళ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఈ మాటలన్నీ మనం వాడాలని కాదు. నలభైకి దగ్గరపడి ‘నో క్యాప్’ అంటూ తిరిగితే పిల్లలే సిగ్గుపడతారు! వాడక్కర్లేదు, అర్థమైతే చాలు. రేపు పిల్ల ‘ఐడీకే’ అని పెడితే ‘ఏం తెలియట్లేదమ్మా, ఏమైంది?’ అని మన తెలుగులోనే అడగండి. జవాబు తప్పకుండా వస్తుంది.