మాత్రల స్ట్రిప్ కట్ చేస్తే పోయేదేంటి? రివర్స్ లాజిస్టిక్స్ సింపుల్‌గా

మెడికల్ షాపుకెళ్లి "అన్నా, నాలుగు మాత్రలివ్వు" అంటాం. అన్న కత్తెర తీసి స్ట్రిప్ కట్ చేసి ఇస్తాడు. జేబులో వేసుకుని వచ్చేస్తాం. ఆ కత్తెరతో ఏం పోతుందో ఈరోజు మాట్లాడుకుందాం.

అనకాపల్లి అంటే అందరికీ బెల్లమే గుర్తొస్తుంది. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లా అయ్యాక పరవాడ ఫార్మా సిటీ కూడా ఇందులోకే వచ్చింది. ఇలాంటి చోట తయారైన మందు డిపోకి, స్టాకిస్టుకి, షాపుకి, చివరికి మన ఇంటికి వస్తుంది. ఇది ముందుకెళ్లే దారి.

మరి ఒక బ్యాచ్‌లో తేడా ఉందని తర్వాత తెలిస్తే? అదంతా వెనక్కి రావాలి. దీన్నే రివర్స్ లాజిస్టిక్స్ అంటారు. ఆన్‌లైన్‌లో కొన్న షర్ట్ రిటర్న్ పెడతాం చూడండి, అదీ ఇదే. కాకపోతే షర్ట్ ఎవరు కొన్నారో యాప్‌కి తెలుసు. మాత్ర ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలీదు.

అందుకే ఇక్కడ లారీల కన్నా సమాచారం ముఖ్యం. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ మార్గదర్శకాల ప్రకారం, ప్రాణాపాయం ఉండే క్లాస్ 1 రీకాల్ అయితే 24 గంటల్లో అమ్మకం ఆపాలి, 72 గంటల్లో సరుకు వెనక్కి రావాలి. ఇంత తొందరగా ఎలా? బ్యాచ్ నంబర్‌తో. స్టాకిస్టు బిల్లుల్లో అది ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో వెతికితే ఏ షాపులకి వెళ్లిందో లిస్టు వస్తుంది.

షాపు దాటాకే దారి తెగిపోతుంది. చాలా స్ట్రిప్‌ల మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఒక చివరే ఉంటాయి. ఆ ముక్క షాపులో ఉండిపోతే, రీకాల్ వార్త మన ఫోన్‌కి వచ్చినా అది మన మాత్ర గురించేనా అన్నది చెప్పలేం.

2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులకి బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. డోలో, కాల్పాల్ లాంటివి ఆ లిస్టులో ఉన్నాయి. స్కాన్ చేస్తే తయారీ కంపెనీ, బ్యాచ్ నంబరు, తేదీలు, లైసెన్స్ నంబరు తెలియాలి.

ఇంకో మాట. వెనక్కొచ్చిన సరుకు మీద ఊరికే "రిటర్న్" అని రాస్తే కంపెనీ నేర్చుకునేదేం లేదు. సీల్ లీకైందా, ఎండకి రంగు మారిందా, ఎక్స్‌పైరీ అయిపోయిందా? కారణం రాస్తేనే ఏ బ్యాచ్‌లో, ఏ ఊళ్లో, ఏ నెలలో తప్పు జరుగుతుందో కనిపిస్తుంది. నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అంటే ఇదే: వచ్చిన ఫిర్యాదుని దాచిపెట్టి, పోల్చి చూసి, మళ్లీ ఆ తప్పు జరక్కుండా వాడుకోవడం.

మరి మనం చేయాల్సింది? కట్ చేసేముందే స్ట్రిప్‌ని ఫోటో తీసుకోండి. బిల్లు అడగండి, అందులో బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. మందు వేసుకున్నాక రియాక్షన్ వస్తే ముందు డాక్టర్ని కలవండి, తర్వాత 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకి చెప్పండి. మీ ఒక్క కాల్ కూడా ఆ వెనక్కొచ్చే దారిలో భాగమే.

ఇప్పుడే లేచి ఇంట్లో మందుల డబ్బా తెరవండి. ఎన్ని ముక్కల మీద బ్యాచ్ నంబరుందో లెక్కపెట్టి కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!