తీగ ఆగిన తరువాత

కవి గతించినా కావ్యం నిలిచి ఉంటుంది. శిల్పి గతించినా శిల్పం నిలిచి ఉంటుంది. మరి విద్వాంసుడు గతించిన తరువాత కచేరీ ఎక్కడ ఉంటుంది? మాండలిన్ శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూసినారన్న వార్త విన్న 2014 సెప్టెంబరు 19వ తేదీ నుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు. అప్పటికి వారి వయస్సు 45 సంవత్సరాలు. వారు నా ఈడువారు. నా తల నెరిసినది. వారి చిత్రపటంలో మాత్రం ఆ చిరునవ్వుకు వార్ధక్యం లేదు.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించినారు. ఆరేండ్ల ప్రాయంలో తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను చేతబట్టినారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయన మాండలిన్ వాయించేవారు కారు. ఆయన నోట పాడేవారు; ఆ పాటను బాలుడు తీగమీద పలికించేవాడు. శ్రీనివాస్ వాద్యంలోని రహస్యమంతా ఈ చిన్న విషయంలోనే ఉన్నదని నా నమ్మకం. వారి వ్రేళ్ళు మొదట అనుకరించినది మరొక వాద్యాన్ని కాదు, మనిషి గొంతును. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసినారు. 1981లో మద్రాసు రసికుల ముందు కూర్చున్నారు. 1983లో బెర్లిన్ జాజ్ సంగీతోత్సవంలో వాయించేనాటికి వారు పద్నాలుగేండ్ల బాలుడు.

మాండలిన్ ఇటలీ దేశపు వాద్యం. దానికి నాలుగు జంటల తీగలు. మీటిన స్వరం మీటిన వెంటనే చల్లారిపోతుంది. స్వరానికీ స్వరానికీ నడుమ మెట్లు అడ్డు. గమకమే ప్రాణమైన కర్ణాటక సంగీతం దానిపై పలుకునా అని పెద్దలు సందేహించినారంటే అది వారి తప్పు కాదు. శ్రీనివాస్ జంట తీగలు తీసి ఒంటి తీగలు అయిదు కట్టినారు. విద్యుచ్ఛక్తితో నాదాన్ని పెంచినారు. దానితో స్వరానికి ఆయుర్దాయం పెరిగినది. తీగను లాగి, మెట్లమీద వ్రేలు జార్చి గమకాన్ని సాధించినారు. పాశ్చాత్యుల ఫిడేలును పూర్వం బాలస్వామి దీక్షితులవారు మన సంగీతంలోనికి తెచ్చినారు. దానిని విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు మన ఇంటి ఆడపడుచును చేసినారు. ఆ రెండు పనులనూ మాండలిన్ విషయంలో శ్రీనివాస్ ఒక్కరే, అదీ బాల్యంలోనే, నెరవేర్చినారు.

ఇంత చెప్పినా మా తెలుగు మేష్టారు ఒప్పుకొనేవారు కారు. నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన మా చోడవరంలో ఆయన వీధి అరుగే మా సంగీత సభ. నేను డిగ్రీ చదివే రోజులలో శ్రీనివాస్ క్యాసెట్ ఒకటి సంపాదించి, టేపురికార్డరుతో సహా ఆ అరుగుమీద పెట్టినాను. "ఏమోయ్, కరెంటు పోతే నోరు మూసుకునే వాద్యానికి ప్రాణమెక్కడిదోయ్?" అన్నారు మేష్టారు. ఖరహరప్రియలో త్యాగరాజ కృతి సాగుతున్నది. అనుపల్లవి సగంలో నిజంగానే కరెంటు పోయినది. చీకటి. దోమలు. ఎవరమూ మాట్లాడలేదు. క్షణం తరువాత ఆ చీకటిలో నుండి, టేపు ఆగిన చోటునుండే, మేష్టారి గొంతు అందుకొన్నది. ఆయనకు పాటగాడన్న పేరు లేదు. శ్రుతి అటూ ఇటూ పోయినది. కాని చరణం దాకా పాడి, "సాహిత్యం వాడికి తెలుసోయ్" అని మాత్రం అన్నారు.

నలుబది ఏండ్లుగా తెలుగు పాఠం చదువుకొని చెప్పుకొన్న నాకు అంతకు మించిన పాఠం దొరకలేదు. మాండలిన్‌కు మాట లేదు. త్యాగరాజస్వామి మాటలు వినేవాని హృదయంలో ఉన్నవి. వాద్యం వాటిని మేల్కొల్పుతుంది. అయితే బెర్లిన్‌లో విన్నవారి మాట ఏమిటి? వారికి తెలుగు రాదు. ఆంగ్ల గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌లతో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో శ్రీనివాస్ వాయించినప్పుడు రాక్, జాజ్ సంగీతాల అభిమానులెందరో వచ్చి విన్నారు. వారి కన్నులూ చెమర్చినవి గదా! మేష్టారి మాట సగమే నిజమని నాకు తరువాత తోచినది. ప్రతి శ్రోతా తన సాహిత్యాన్ని తానే తెచ్చుకొంటాడు.

తొంభైలలో ఒక శీతకాలపు సాయంత్రం మా ఊరినుండి నలుగురం బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి శ్రీనివాస్ కచేరీ విన్నాము. తిరుగు బస్సు తప్పిపోయినది. తెల్లవార్లూ బస్ స్టాండులో టీ త్రాగుతూ, విన్నదంతా మళ్ళీ నోటితో వాయించుకొన్నాము. ఆ నలుగురిలో ఇద్దరమే మిగిలినాము. గత సెప్టెంబరులో మిత్రుడు మా ఇంటికి వచ్చినాడు. నాటి ప్రధాన రాగం కల్యాణి అని నేనన్నాను. కాదు, షణ్ముఖప్రియ అన్నాడతడు. ఇద్దరం ప్రమాణం చేయగలం. నిర్ణయించుటకు ఆ సాయంత్రపు రికార్డు మా వద్ద లేదు. సాక్ష్యం చెప్పవలసిన ఇద్దరూ లేరు.

అక్కడే ఉన్న నా శిష్యురాలు ఒకతె చేతిలోని ఫోను చూపి, "వారి వాద్యం గంటలకొలది ఇందులో ఉన్నది గదండీ, మీకు విచారమెందుకు?" అని అడిగినది. న్యాయమైన ప్రశ్న. ఫోనులో స్వరాలున్నవి, లేవనను. ప్రక్కవాని నిట్టూర్పు, రాగం ముగిసిన తరువాత చప్పట్లకు ముందున్న ఆ నిశ్శబ్దం, తప్పిపోయిన బస్సు మాత్రం అందులో లేవు. అవి మాతోనే పోతవి. 2024 డిసెంబరులో జాకీర్ హుస్సేన్ కూడా వెళ్ళిపోయినారు. వేదికమీదివారు ఒక్కొక్కరే లేచిపోతున్నారు. క్రింద కూర్చున్నవారమూ లేస్తున్నాము.

కనుక జ్ఞప్తి ఉన్నవారు చెప్పవలెను. రాగం పేరు తప్పితే తప్పనిండు. దానికి గొప్పలు మాత్రం చేర్చకుండ చెప్పవలెను. చెప్పినంతలో సరిపోదు. చిన్న ఊళ్ళలో నలుగురు కలిసి కూర్చుని వినే అలవాటు నిలవవలెను. శ్రీనివాస్ మొదట వాయించినది గుడివాడలో గాని బెర్లిన్‌లో కాదు.

ఆనాడు మేము మాటలాడుకొంటుండగా ఆ అమ్మాయి ఫోనులో ఖరహరప్రియ పెట్టినది. కొంతసేపు విని, "దీని సాహిత్యం ఏమిటండీ?" అన్నది. నేను చెప్పబోయినాను. మిత్రుడు నన్ను ఆపి తానే అందుకొన్నాడు. శ్రుతి అటూ ఇటూ పోయినది. ఆమె ఫోను కట్టివేసి విన్నది.