"అంతా ఓకేనా?" అని అడగడం మానేశాను



ఈసారి ఎపిసోడ్‌లో క్యూబెక్ వంతెన కథ సగంలో ఉండగానే టైం అయిపోయింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. దాంతోపాటు మైకు ముందు చెప్పడానికి నోరు రాని నా సొంత సంగతి కూడా ఒకటి రాస్తున్నాను.

నాది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి గల్ఫ్‌కు వచ్చాను. హెల్పర్లతో కలిసి ఇనుము మోసి, తర్వాత ఫోర్‌మన్ అయి, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. లీడర్‌షిప్ అనగానే మనకు సూటు వేసుకున్న పెద్ద పెద్ద సార్లు గుర్తొస్తారు. కానీ చేతికింద ఆరుగురు ఉన్న చార్జ్‌హ్యాండ్ కూడా లీడరే. ఆ ఆరుగురు రాత్రికి క్యాంపుకు క్షేమంగా చేరాలంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. చెడ్డ కబురు తన దాకా వస్తోందా, దారిలోనే ఆగిపోతోందా అన్నది.

ఆ రాత్రి స్లాబ్ కింద

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. ఆగస్టు నెల. ఎండాకాలంలో ఇక్కడ కాంక్రీటు రాత్రిపూటే పోస్తాం కదా. అట్లా రాత్రి పదిన్నరకు ఒక స్లాబ్ మొదలుపెట్టాం. కింద షటరింగ్ చూసుకోవడానికి ఒక కార్పెంటర్‌ను, ఒక హెల్పర్‌ను పెట్టాం. హెల్పర్ సిరిసిల్ల పక్క పిల్లగాడు, వచ్చి నాలుగు నెలలే. టార్చిలైటు పట్టుకొని ప్రాపుల మధ్య తిరుగుతూ కన్నేసి ఉంచడమే వాడి పని.

ఒంటిగంట దాటాక నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఆ మూలకు నేల తడిగున్నది. రెండు ప్రాపుల కింద పలక కుంగినట్టు అనిపిస్తున్నది" అన్నాడు.

పైన పంపు నడుస్తోంది. గేటు బయట మూడు మిక్సర్ లారీలు నిలబడి ఉన్నాయి. ఆ వేడికి లారీలో కాంక్రీటు ఎంతోసేపు ఆగదు. ఇంజనీరు పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తున్నాడు. నేను ఆ పిల్లగాడి మొహం కూడా సరిగా చూడలేదు. "నువ్వొచ్చి నాలుగు నెల్లు కాలే, నాకు నేర్పుతవా? పోయి నీ పని చూస్కో" అన్నాను. వాడు "సరే అన్నా" అని వెళ్ళిపోయాడు.

ముప్పావు గంటకు ఆ మూల స్లాబ్ నాలుగు సెంటీమీటర్లు దిగింది. పక్కనున్న నీళ్ళ పైపు లీకై, నింపిన మట్టి మెత్తబడింది. కార్పెంటర్ అరుపుకు అందరం బయటికి ఉరికాం. పోత ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తర్వాత ఆ మూలంతా పగలగొట్టి మళ్ళీ పోశాం. పదకొండు రోజులు పోయాయి.

రిపోర్టులో "నేల కుంగింది" అని రాశారు. ముప్పావు గంట ముందే నాకు ఆ సంగతి తెలుసని మాత్రం అందులో లేదు. నేను చెప్పలేదు కాబట్టి లేదు.

మర్నాడు వాణ్ణి పిలిచి, "ఇంకోసారి వచ్చి గట్టిగా ఎందుకు చెప్పలే?" అని అడిగాను. "మీరు తిట్టిన్రు కదన్నా. నాకే తెల్వదేమో అనుకున్న" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

1907 ఆగస్టు 29, క్యూబెక్

కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద క్యూబెక్ నగరం దగ్గర ఒక ఉక్కు వంతెన కడుతున్నారు. నడిమి స్పాన్ 1,800 అడుగులు. పూర్తయితే అప్పటికి ప్రపంచంలో అదే పెద్ద కాంటిలివర్ వంతెన. కన్సల్టింగ్ ఇంజనీరు థియోడర్ కూపర్. అమెరికాలో వంతెనలు కట్టడంలో చాలా పేరున్న మనిషి. ఆరోగ్యం బాగాలేక న్యూయార్క్‌లోనే ఉండిపోయాడు. ఉక్కు నిలబెట్టే పని జరిగినంత కాలం ఒక్కసారి కూడా సైట్‌కు రాలేదు. కానీ ఆఖరి మాట మాత్రం ఆయనదే.

మొదట 1,600 అడుగులు అనుకున్న స్పాన్‌ను 1,800కు పెంచారు. వంతెన సొంత బరువు ఎంత పెరుగుతుందో మళ్ళీ సరిగా లెక్క కట్టలేదు. అసలు బరువు లెక్కకంటే ఎక్కువుందని తర్వాత బయటపడింది. అప్పటికే చాలా ఉక్కు తయారైపోయింది. "తట్టుకుంటుందిలే" అన్నట్టు ముందుకే పోయారు.

సైట్‌లో కూపర్ తరఫున నార్మన్ మెక్‌లూర్ అనే కుర్ర ఇంజనీరు ఉండేవాడు. ఆగస్టులో కింది ఉక్కు కమ్మీలు కొన్ని వంగుతున్నట్టు కనిపెట్టాడు. ఒక దాంట్లో ముప్పావు అంగుళం ఉన్న వంపు వారం తిరిగేసరికి రెండుంపావు అంగుళాలైంది. ఉక్కు పంపిన కంపెనీ వాళ్ళేమో "అవి ముందునుంచే అట్లా వంగి ఉన్నాయి" అన్నారు. సైట్ ఫోర్‌మన్ ఒకసారి పని ఆపాలనుకొని, మళ్ళీ మనసు మార్చుకొని కొనసాగించాడు. పని ఆపే ధైర్యం, అధికారం రెండూ ఉన్న మనిషి అక్కడ ఎవరూ లేరు.

మెక్‌లూర్ రైలెక్కి న్యూయార్క్ పోయాడు. 29వ తేదీ మధ్యాహ్నానికి కూపర్‌కు సంగతంతా చెప్పాడు. కూపర్‌కు వెంటనే అర్థమైంది. వంతెన మీద ఇంక బరువు పెట్టొద్దని టెలిగ్రాం ఇచ్చాడు. అయితే అది క్యూబెక్ సైట్‌కు పోలేదు. అమెరికాలోనే పెన్సిల్వేనియాలో ఉన్న కంపెనీ ఆఫీసుకు పోయింది. అక్కడివాళ్ళు పొద్దున చూద్దామనుకున్నారు. సైట్‌లో పని నడుస్తూనే ఉంది.

సాయంత్రం ఐదున్నర దాటాక, పని ముగిసే వేళకు, వంతెన కూలిపోయింది. దాని మీదున్న 86 మందిలో 75 మంది చనిపోయారు. వాళ్ళలో 33 మంది కానవాకే అనే ఊరి మోహాక్ ఆదివాసీ కార్మికులు. ఎత్తైన ఉక్కు పనిలో చేయి తిరిగినవాళ్ళు. ఒక్క ఊరు ఒక్క సాయంత్రం అంతమందిని పోగొట్టుకుంది. ఎక్కువ కూలి దొరికేచోటికి ఒక ఊరివాళ్ళంతా కలిసి పోవడమంటే ఏంటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పని ఆపించాలనుకున్న ఆ ఫోర్‌మన్ కూడా ఆ రోజే పోయాడు.

విచారణ కమిషన్ డిజైన్ తప్పుల్ని ఎత్తి చూపింది. నాకు మాత్రం ఆ టెలిగ్రాం దగ్గరే మనసు ఆగిపోతుంది. అపాయం ఉందని తెలుసు, ఆపాలని కూడా తెలుసు. ఆ మాట ఉక్కు మీద నిలబడ్డవాడి చెవిన మాత్రం పడలేదు. కూపర్ తెలివి తక్కువవాడేం కాదు. తన మాటే చివరి మాట అన్నాడు గానీ, ఆ మాట అందాల్సినచోట లేడు.

తాడు లాగే ఫ్యాక్టరీ

ఇప్పుడు దీనికి ఎదురు కథ. జపాన్‌లో సకిచి టొయోడా అనే ఆయన దారం తెగితే దానంతటదే ఆగిపోయే మగ్గం తయారుచేశాడు. తెగిన దారంతో నేసుకుంటూ పోతే బట్టంతా పాడే కదా. మగ్గాల ఊళ్ళవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ ఇంటివాళ్ళే తర్వాత టొయోటా కార్లు మొదలుపెట్టారు. మగ్గంలో ఉన్న ఆలోచనను మనుషుల దగ్గరికి తెచ్చారు. లైను పొడవునా పైన తాడు కట్టి ఉండేది. ఏదైనా తేడా కనిపిస్తే మామూలు కార్మికుడే తాడు లాగేవాడు. టీమ్ లీడర్ అక్కడికి వచ్చేవాడు. వెంటనే సరికాకపోతే లైను ఆగేది.

అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. కార్మికులకు, మేనేజర్లకు ఎప్పుడూ గొడవలే. కార్ల నాణ్యతకు చెడ్డపేరు. 1982లో మూసేశారు. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి దాన్నే మళ్ళీ తెరిచాయి. తీసుకున్నది ఎక్కువగా ఆ పాత కార్మికుల్నే. వాళ్ళ చేతికి తాడు ఇచ్చారు. కొద్దికాలానికే అక్కడి కార్లు నాణ్యతలో ముందువరుసకు వచ్చాయి. మనుషులు వాళ్ళే. మారింది వాళ్ళ మాట వినే పద్ధతి.

మనోళ్ళు ఎందుకు చెప్పరు

"మా పిల్లలు నోరు తెరవరు, ఏం చెప్పరు" అని చాలామంది ఫోర్‌మన్లు అంటుంటారు. ఎందుకు చెప్పరో మనకు తెలీదా? ఏజెంటుకు కట్టిన పైసలకు ఊళ్ళో మిత్తి పెరుగుతుంటుంది. వీసా కంపెనీ చేతిలో ఉంటుంది. చెల్లె పెళ్ళి ముందుంటుంది. ఒక్క మాట ఎక్కువైతే టికెట్ కొట్టి ఇంటికి పంపిస్తారేమో అని భయం. పైగా హిందీ సరిగా రాదు, అరబ్బీ, ఇంగ్లీషు అసలే రావు. ఇన్ని ఉన్నవాడు నోరు మూసుకోవడం తెలివితక్కువతనం కాదు, లెక్క చూసుకోవడం. ఆ లెక్క మార్చాల్సింది పైనున్నవాడే.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దంటారు మన పెద్దలు. మన సైట్లలో గోరంత ఉన్నప్పుడు చూసేది హెల్పరే. ఇంజనీరు దాకా వచ్చేసరికి అది గొడ్డలికే అందుతుంది.

నేను మార్చుకున్నవి

మొదటిది, "అంతా ఓకేనా?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు "ఓకే సార్" తప్ప వేరే జవాబు రాదు. "ఇవాళ మీకు భయం అనిపించిన జాగా ఏది?" అని అడుగుతున్నాను. మొదటి వారం ఎవరూ మాట్లాడలేదు. రెండో వారం నిచ్చెన సంగతి ఒకడు చెప్పాడు. ఆ రోజే నిచ్చెన మార్చాం. అప్పట్నుంచి నోళ్ళు తెరుచుకున్నాయి.

రెండోది, పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో అందరికంటే కొత్తవాడు ముందు మాట్లాడతాడు, ఫోర్‌మన్ చివర. పెద్దవాడు ముందే "బాగుంది" అన్నాక చిన్నవాడు "బాగాలేదు" అనలేడు.

మూడోది, ఎవరేం చెప్పినా నా నోట ముందు వచ్చేది, "మంచిది తమ్మీ, పద చూపియ్యి." నిజమో కాదో అక్కడికి పోయాకే తెలుస్తుంది.

నాలుగోది, చెప్పినవాడి దగ్గరికే మళ్ళీ పోయి ఏం చేశామో చెప్తాను. ఏమీ చేయకపోతే ఎందుకు చేయలేదో చెప్తాను. ఇది మరిచిపోతే వాడు రెండోసారి రాడు.

ఐదోది, పని ఆపమనే మాట గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోను. ఎవరు ఆపాలో వాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళ నోటితో "ఆపేశాం" అని వింటాను. నీలం టిక్కులు పడ్డంత మాత్రాన కబురు అందినట్టు కాదు. క్యూబెక్ టెలిగ్రాం కూడా ఒక ఆఫీసుకు అందింది కదా!

దీనికి ఖర్చు లేదని చెప్పను. మొన్న ఎండాకాలం ఒక నేపాలీ మేస్త్రీ ప్రాపు జరిగిందని పోత ఆపించాడు. చూస్తే ఏమీ లేదు, నీడ అట్లా కనిపించింది. నలభై నిమిషాలు పోయాయి. ఇంజనీరు నన్ను అందరి ముందు అరిచాడు. నేను పడ్డాను. మేస్త్రీ దగ్గరికి పోయి, "మంచి పని చేసినవ్ భాయ్, మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ ఆపు" అని హిందీలో చెప్పాను. పైనుంచి వచ్చిన తిట్టు నా దగ్గర ఆగాలి, కిందినుంచి వచ్చిన కబురు నా దగ్గర ఆగకూడదు. సూపర్‌వైజర్ జీతంలో ఎక్కువ భాగం దీనికే అనుకుంటాను.

చెప్పేవాళ్ళకు ఒక మాట

హెల్పర్‌గా ఉన్న తమ్ముళ్ళు నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి. ఎక్కడ, ఏం చూశాను, ఏం కావచ్చు, ఇప్పుడేం చేయాలి. "భయమైతున్నది సార్" అంటే పట్టించుకోకపోవచ్చు. "మూడో లైను మూల ప్రాపు కింద నేల తడిసింది, పలక దిగుతోంది, పోత ఆపి చూడండి" అంటే కాదనడం కష్టం. భాష రాకపోతే ఫోన్‌లో ఫోటో తీసి చూపండి. ఒకరు వినకపోతే సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పండి. అంతవరకు మీరు దాని కింద నిలబడకండి.

ఆ సిరిసిల్ల తమ్ముడు రెండేళ్ళకు వేరే కంపెనీకి మారిపోయాడు. పోయే ముందు రోజు క్యాంపులో వాడి మంచం దగ్గర కూర్చుని, "ఆ రాత్రి తప్పు నాది, నువ్వు చెప్పింది నిజం" అన్నాను. "పోనీ తియ్యన్నా" అని నవ్వాడు. మర్నాడే అనాల్సిన మాట అది. రెండేళ్ళు పట్టింది నాకు.

మీ సైట్‌లో మీరు చెప్పినా ఎవరూ విననిది, లేదా మీరే వినకుండా వదిలేసినది ఏదైనా ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. పేరు, కంపెనీ చెప్పనక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. జాగ్రత్తగా ఉండండి, నీళ్ళు బాగా తాగండి.