దూలగొండి పొడి – డాక్టరుకు చెప్పకుండా వాడవద్దు



కంచెల మీద పాకే దూలగొండి తీగ పల్లెల్లో అందరికీ తెలిసినదే. కాయ మీది నూగు తగిలితే ఒళ్లంతా దురద. ఇప్పుడు దీని గింజల పొడిని బలానికనీ, నరాలకనీ డబ్బాలలో అమ్ముతున్నారు. "వాడవచ్చా సిస్టరమ్మా?" అని మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు.

ఇది ఉత్త గింజ కాదు. ఆయుర్వేదంలో దీనిని కపికచ్ఛు అంటారు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఈ గింజల నుండి ఎల్-డోపాను వేరు చేశారు. 1960ల నుండి అదే ఎల్-డోపా పార్కిన్‌సన్ (వణుకుడు) జబ్బుకు ముఖ్యమైన మందు అయింది. మెదడులో తగ్గిన డోపమిన్ దీనినుండే తయారవుతుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. బిళ్లలో మందు ఎంత ఉందో అట్ట మీద రాసి ఉంటుంది. గింజలో అది 100 గ్రాములకు సుమారు 3 నుండి 6 గ్రాముల వరకు మారుతుంది. అంటే అదే చెంచా పొడిలో ఒకసారి రెట్టింపు మందు ఉండవచ్చు.

కొంతకాలం క్రితం ఒక పెద్దాయన ఉదయం మంచం దిగి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోయి మా వార్డుకు వచ్చారు. నుదుటికి కుట్లు పడ్డాయి. నిలబెట్టి చూస్తే బి.పి. బాగా పడిపోతోంది. పార్కిన్‌సన్ బిళ్లలు, బి.పి. బిళ్లలు మాకు చూపించారు. మూడవ రోజున ఆయన భార్య సంచిలోనుండి ఒక డబ్బా తీశారు. "ఇది మందు కాదమ్మా, గింజల పొడే. అల్లుడుగారు తెచ్చారు, పాలలో కలిపి ఇస్తున్నాను" అన్నారు. తప్పు ఆమెది కాదు. మేము "ఏ మందులు వాడుతున్నారు?" అన్నామే గాని, పొడుల గురించి అడగలేదు. ఆనాటి నుండి అడ్మిషన్‌లో ఆ ప్రశ్న కూడా అడుగుతున్నాము.

గుర్తుంచుకోండి:

• పార్కిన్‌సన్, బి.పి., మానసిక వ్యాధులకు మందులు వాడేవారు, నీటికాసులు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ పొడి తీసుకోరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలే వాడరాదు.

• వాంతులు, కళ్లు తిరగడం, నిద్రపట్టకపోవడం, లేనివి కనిపించడం, కాళ్లు చేతులు వాటంతటవే కదలడం జరిగితే వెంటనే ఆసుపత్రికి రండి.

• పొడి మొదలుపెట్టామని పార్కిన్‌సన్ బిళ్లలు హఠాత్తుగా మానవద్దు. అది ప్రాణాపాయం కావచ్చు.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు బిళ్లలతోపాటు ఇంట్లో వాడే పొడుల డబ్బాలు కూడా తీసుకురండి. మేము కోప్పడము. దాచవద్దని మాత్రమే మా మనవి.